ఫ్రిజ్ కంటే ముందు పద్దు పుస్తకం

ఇంట్లో బీరు తయారుచేసుకోవడం మొదలుపెట్టినవాళ్లు కొనే వస్తువుల వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. ముందు పెద్ద గిన్నె, మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్టు, మాల్టు, హాప్స్, ఈస్టు కొంటారు. రెండు మూడు విడతలు అనుకున్న రుచి రాకపోయేసరికి పాత ఫ్రిజ్ ఒకటి, దాన్ని అవసరాన్ని బట్టి ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్ ఒకటి గ్యారేజీలో చేరతాయి. ఆ తర్వాత బీరులో తేలే సెన్సర్, ఫోనులో గీతలు గీసే యాప్. నోటు పుస్తకం ఎక్కడో చివర వస్తుంది, చాలామంది దగ్గర అదీ ఉండదు. అది అన్నిటికంటే ముందు ఉండాలన్నది నా వాదన. ఉష్ణోగ్రతను అదుపులో పెట్టాలనుకునేవారు మొదట దాన్ని రాసిపెట్టడం అలవాటు చేసుకోవాలి. మన రాష్ట్రాల్లో ఈ ప్రయోగానికి వీలులేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. తెలంగాణలోనూ అదే చట్టం కొనసాగుతోంది. కాబట్టి ఇది అమెరికా ముచ్చట. అక్కడ 1978 అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో సొంత వాడకానికి బీరు చేసుకునే వీలు కలిగింది. ఒక్క వయోజనుడు ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు పరిమితి. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా బెట్టు చేశాయి.

ఉష్ణోగ్రతకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందు చూడాలి. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగడానికి ఎందుకు మొరాయిస్తుందో తెలిసినవారికి సగం విషయం తెలిసినట్టే. పులియబెట్టేది ప్రాణమున్న జీవి, దానికి వేడీ చలీ పడతాయి. కాకపోతే బీరులో ఈ లెక్క రెండుచోట్ల వస్తుంది. మాల్టును వేడినీళ్లలో నానబెట్టేటప్పుడు 62 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఎంజైము, 70 పైన మరొకటి బాగా పనిచేస్తాయి. మొదటిది పిండిపదార్థాన్ని ఈస్టు తినగలిగే చక్కెరలుగా విడగొడుతుంది. రెండోది ముందుంటే ఈస్టుకు కొరుకుడుపడని చక్కెరలు మిగిలి బీరు చిక్కగా, తియ్యగా తయారవుతుంది. రెండు మూడు డిగ్రీలు అటూఇటూ అయితే చాలు, వేరే బీరు వస్తుంది. ఆ తర్వాత ఈస్టు వంతు. ఏల్ రకాలకు వాడే ఈస్టుకు సాధారణంగా 18 నుంచి 22 డిగ్రీలు, లాగర్ ఈస్టుకు 8 నుంచి 13 డిగ్రీలు అనువు. 27కు పోయినంత మాత్రాన ఏల్ ఈస్టు చచ్చిపోదు, మరింత హుషారుగా పనిచేస్తుంది. ఆ హుషారులోనే గొంతు మండించే బరువైన ఆల్కహాల్‌లనూ, అరటిపండు వాసన వేసే ఈస్టర్లనూ అవసరానికి మించి వదులుతుంది. చలి ఎక్కువైతే పని సగంలో ఆపి అడుక్కి చేరుతుంది. ఈ మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లోనే, ఈస్టు సంఖ్య పెరిగే దశలోనే తేలిపోతుంది. పైగా పులియడమే వేడి పుట్టించే పని. గది 20 డిగ్రీలుంటే, జోరు మీదున్న బకెట్టు లోపల 23, 24 ఉండటం మామూలే. గోడమీది థర్మామీటర్ చూసి నిశ్చింతగా ఉన్నవాడు గది గురించి తెలుసుకున్నాడు, బీరు గురించి కాదు.

కొలిచి రాసిపెట్టడం ఈ వృత్తిలో ఎంత మార్పు తెచ్చిందో చరిత్రలో కావలసినన్ని ఆనవాళ్లున్నాయి. లండన్‌కు చెందిన మైకేల్ కాంబ్రూన్ బీరు తయారీకి థర్మామీటర్‌ను ఆధారం చేసుకుని 1762లో ఒక సిద్ధాంత గ్రంథమే రాశాడు. ఆ రోజుల్లోనే హాంప్‌షైర్‌లోని జేమ్స్ బేవర్‌స్టాక్ తండ్రికి తెలియకుండా థర్మామీటర్ వాడాడని చరిత్రకారులు రాశారు. చేయి ముంచి వేడి చెప్పగలిగే పెద్దాయనకు గాజుగొట్టం అవమానంగా తోచి ఉంటుంది. శక్తినిత్యత్వ సూత్రానికి పునాది వేసినవారిలో ఒకడైన జేమ్స్ జౌల్ శాల్‌ఫర్డ్‌లో బీరు వ్యాపారుల కుటుంబంలో పుట్టాడు. ఫారన్‌హీట్ డిగ్రీలో 200వ వంతు తేడాను గుర్తించగలనని అతడంటే తోటి శాస్త్రజ్ఞులు నమ్మడానికి ఇబ్బంది పడ్డారు. ఆ నేర్పులో కొంతైనా కుటుంబ వ్యాపారం నుంచి వచ్చిందని భావించేవారున్నారు. నా వాదనకు వీళ్లందరికంటే దగ్గరివాడు డబ్లిన్‌లోని గిన్నెస్ ఉద్యోగి విలియం గాసెట్. బార్లీ, హాప్స్ నాణ్యత పరీక్షల్లో అతనికి ఎప్పుడూ కొద్దిపాటి నమూనాలే దొరికేవి. కొద్ది నమూనాల నుంచి ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చో తేల్చే గణిత పద్ధతిని 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించాడు. ఈనాడు మందుల పరీక్షల నుంచి పంటల దిగుబడుల దాకా వాడుతున్న టీ-టెస్ట్ అదే. ఇంట్లో బీరు చేసేవాడి ఇబ్బందీ అచ్చంగా ఇలాంటిదే. నెలకు ఒక విడత చేసినా ఏడాదికి పన్నెండే. పెద్ద కంపెనీకి ఒక విడత లెక్క తప్పిపోతే మరో వంద ఉంటాయి. ఇతనికి ఒకటి రాయకపోతే ఏడాది అనుభవంలో పన్నెండో వంతు గాలికి పోయినట్టే.

థర్మామీటర్ పుట్టకముందు వేల ఏళ్లు బీరు తాగలేదా అన్నది అందరికీ ముందుగా తోచే అభ్యంతరం. తాగారు, అయితే ఉష్ణోగ్రతను పట్టించుకోకుండా కాదు. బవేరియాలో 1553 నాటి ఉత్తర్వు ప్రకారం ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా బీరు కాచకూడదు. వేసవి బీరు చెడిపోతుందని తరాల అనుభవం చెప్పింది, ప్రభువు దాన్ని చట్టం చేశాడు. క్యాలెండరే వాళ్ల థర్మామీటర్. శీతాకాలంలో కోసి నేలమాళిగల్లో దాచిన మంచుగడ్డలతో బీరును చల్లగా నిల్వ ఉంచేవారు. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండె శీతలీకరణ యంత్రాన్ని మ్యూనిక్‌లో స్పాటెన్ బీరు కర్మాగారం పెట్టించుకున్నాక గానీ వేసవి వారికి లొంగలేదు. పశ్చిమ నార్వే పల్లెల్లో తరతరాలుగా కాపాడుకొస్తున్న క్వైక్ అనే ఈస్టు 35 డిగ్రీల పైన కూడా శుభ్రమైన రుచినిస్తుంది. లెక్క అక్కర్లేదనడానికి దీన్నే ఉదాహరణగా చూపేవారున్నారు. కానీ ఆ రైతులు ఈస్టును పాలు పితికినప్పటి వేడిలో వేయాలని నియమం పెట్టుకున్నారు, ఆ నియమాన్ని కొడుకులకు అప్పగించారు. కాగితం లేదు గానీ పద్దు ఉంది. వేరే ఖండంలో, వేరే వాతావరణంలో, పొట్లంలో వచ్చిన ఈస్టుతో పనిచేసేవాడికి అలాంటి వారసత్వం ఎక్కడిది? డాలస్ గ్యారేజీలో జూలై వేడి ఎలా ఉంటుందో అక్కడి తెలుగువారిని అడిగితే చెబుతారు. ఆ గ్యారేజీకి ఏ తాతముత్తాతల నియమమూ లేదు.

కంట్రోలర్‌కు 19 డిగ్రీలని చెప్పాం, అది చూసుకుంటుంది, మళ్లీ రాయడమెందుకు? పైకి న్యాయంగా కనిపించే ప్రశ్నే. కానీ కంట్రోలర్ చూసుకునేది తన సెన్సర్ ఉన్న చోటును మాత్రమే. సెన్సర్‌ను ఫ్రిజ్‌లో గాలిలో వేలాడదీస్తే గాలి 19 డిగ్రీల దగ్గర నిలుస్తుంది, బీరు దాని దారిన అది వేడెక్కుతుంది. తలుపు తీసినప్పుడల్లా కంప్రెసర్ అనవసరంగా ఉలిక్కిపడుతుంది. అదే సెన్సర్‌ను పాత్ర పక్కకు అతికించి పైన స్పాంజి ముక్క కప్పినా, లోపలికి దిగే సన్నని స్టీలు గొట్టంలో పెట్టినా అంకె బీరుకు దగ్గరగా వస్తుంది. ఇక ఆ అంకె ఎంత నిజమన్నది మరో సంగతి. ఈ పరికరాల్లో విరివిగా వాడే డీఎస్18బీ20 సెన్సర్ అర డిగ్రీ అటూఇటూ చూపవచ్చని తయారీదారే చెబుతాడు. చవక నకళ్ల సంగతి చెప్పలేం. కరుగుతున్న మంచునీటిలో ముంచి సున్నా చూపుతోందో లేదో చూసుకోవడం ఐదు నిమిషాల పని. మరుగునీటితో చూసేవారు మాత్రం ఊరి ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అక్కడ 100 చూపలేదని థర్మామీటర్‌ను పారేస్తే తప్పు దానిది కాదు.

ఇదంతా సరదాను ఆఫీసు పనిగా మార్చడమే కదా అనేవారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. అమెరికాలో ఈ అభిరుచికి పెద్దదిక్కు అనదగ్గ చార్లీ పపాజియన్ 1984లో వచ్చిన తన పుస్తకంలో పాఠకుడికి పదేపదే చెప్పింది కంగారు పడొద్దనే. ఆ సలహా వేలమందికి ధైర్యమిచ్చింది. కానీ కంగారు ఎక్కడ పుడుతుంది? కిందటిసారి ఏం చేశామో గుర్తులేనప్పుడే కదా. ‘అప్పుడు 22కు పోయింది, అయినా బాగానే వచ్చింది’ అని తన చేతిరాతలో కనిపించినవాడు నిద్ర మానుకుని ఫ్రిజ్ దగ్గర కాపలా కాయడు. దీనికంటే బలమైన అభ్యంతరం అవతలి వైపు నుంచి వస్తుంది. తేలే సెన్సర్లు కొన్ని నిమిషాలకోసారి అంకె పంపుతాయి, రెండు వారాలకు వేల అంకెలు పోగవుతాయి, వాటిని మళ్లీ తెరిచి చూసేవాడు ఉండడు. ఇది నిజం. రాయడాన్ని యంత్రానికి అప్పగించి చదవడం మానేస్తే ఆ పోగు వల్ల ఉపయోగం సున్నా. గ్రాఫ్ ఉన్నా సరే, కొన్ని అంకెలు చేత్తో రాయాలని నేననేది అందుకే: ఈస్టు వేసిన గంట, అప్పటి బీరు వేడి, మొదటి మూడు రోజుల్లో ఎక్కిన గరిష్ఠం, లాగర్ అయితే వెన్న వాసన పోగొట్టడానికి చివర్లో ఎన్ని డిగ్రీలు పెంచారు, పులియడం ఆగినప్పటి సాంద్రత.

వీటి పక్కన నెల తర్వాతి రుచి రాయకపోతే అంకెలకు అర్థం లేదు. ఆ రుచి రాసేటప్పుడు పాత పేజీలు తిప్పకూడదు, 24 దాటిందని తెలిసిన నాలుకకు లేని అరటిపండు కూడా తగులుతుంది. రుచి నిపుణులు వాడే మూడు గ్లాసుల పరీక్ష ఇంట్లోనూ చేసుకోవచ్చు. రెండు గ్లాసుల్లో ఒక విడత బీరు, మూడోదాంట్లో రెండు డిగ్రీల తేడాతో పులిసిన బీరు పోసి, వేరుగా ఉన్నదేదో చెప్పమని స్నేహితులను అడగాలి. ఒకరి జవాబు లెక్కలోకి రాదు, గుడ్డిగా చెప్పినా మూడింట ఒకటి సరిపోతుంది. పదిమందిలో ఎక్కువమంది పట్టలేకపోతే ఆ రెండు డిగ్రీల కోసం కొత్త ఫ్రిజ్ కొనక్కర్లేదు.