బెంచి మీద కూర్చున్న అమ్మాయి



నవంబరు వచ్చిందంటే అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ మొదలవుతుంది. ఒకప్పుడు మన ఇళ్ళలో క్రికెట్ స్కోరు తప్ప వేరే స్కోరు అడిగేవారు కాదు. ఇప్పుడు అమ్మాయిల ఆట పెట్టమని పిల్లలే రిమోట్ లాక్కుంటున్నారు. 2024 ఏప్రిల్‌లో జరిగిన మహిళల ఫైనల్‌ను సుమారు 1 కోటి 89 లక్షల మంది చూశారు. మగపిల్లల ఫైనల్ కంటే ఆడపిల్లల ఫైనల్‌ను ఎక్కువమంది చూడడం అదే మొదటిసారి. చదువుల్లోనూ ఆటల్లోనూ ఆడ, మగ తేడా చూపకూడదన్న ‘టైటిల్ నైన్’ చట్టం 1972లో వచ్చింది. అది వేసిన విత్తనం చెట్టవడానికి యాభై ఏళ్ళు పట్టింది.

సీజన్ మొదలవగానే అందరూ అడిగే ప్రశ్న, “ఈ ఏడు కప్పు ఎవరిది?” అని. నా మటుకు నాకు అంతకంటే మంచి ప్రశ్న ఇంకొకటుంది. “పోయిన ఏడు బెంచి మీద కూర్చున్న అమ్మాయిల్లో ఈ ఏడు ఎవరు ఎదుగుతారు?”

ఎందుకంటారా? సౌత్ కరొలైనా యూనివర్సిటీ జట్టు కథ చూడండి. 2022-23లో వాళ్ళు వరసగా 36 ఆటలు గెలిచి, సెమీఫైనల్లో అయోవా చేతిలో 77-73తో ఓడిపోయారు. ఆట మొదలుపెట్టే అయిదుగురూ ఆ ఏడాదితోనే వెళ్ళిపోయారు. వారిలో అలియా బోస్టన్‌ను ప్రొఫెషనల్ లీగ్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంచుకున్నారు. ఇక ఈ జట్టు పని అయిపోయిందనుకున్నవాళ్ళు చాలామంది. కానీ కోచ్ డాన్ స్టేలీ దగ్గర బెంచి ఉంది. మరుసటి ఏడు ఆ బెంచి మీది పిల్లలే ముందుకొచ్చి, కొత్తగా చేరినవాళ్ళతో కలిసి 38 ఆటలాడి 38 గెలిచారు.

అందులో ఇద్దరి సంగతి మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఒకరు బ్రెజిల్ నుంచి వచ్చిన కమిలా కర్డోసో. 6 అడుగుల 7 అంగుళాల ఎత్తున్నా, ముందు వరసలో బోస్టన్ ఉండడంతో రెండేళ్ళు ఎక్కువగా బెంచి మీంచి వచ్చే ఆడింది. 2024 ఫైనల్లో 15 పాయింట్లు, 17 రీబౌండ్లు సాధించి, ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అనిపించుకుంది. రెండో అమ్మాయి రేవెన్ జాన్సన్. 2023 సెమీఫైనల్లో బంతి పట్టుకుని నిలబడ్డ ఆమెను, అయోవా తార కెయిట్లిన్ క్లార్క్ “నువ్వు వేసినా పడదులే” అన్నట్టు చెయ్యి ఊపి వదిలేసింది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆట మానేద్దామనుకున్నానని ఆ అమ్మాయే తర్వాత చెప్పింది. మానలేదు, బంతి వేయడం సాధన చేసింది. మరుసటి ఏడు ఫైనల్లో మళ్ళీ అదే క్లార్క్ ఎదురైంది. మొదటి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు వేసిన క్లార్క్, మిగిలిన మూడు క్వార్టర్లలో 12 మాత్రమే వేయగలిగింది. ఆమెను కట్టడి చేయడంలో ముఖ్య పాత్ర రేవెన్‌దే. 87-75తో గెలిచిన ఆ ఆటలో సౌత్ కరొలైనా బెంచి నుంచి వచ్చిన పాయింట్లు 37, అయోవా బెంచివి సున్నా!

ఇంజనీరు బుద్ధి కదా, ఒక చిన్న లెక్క చెప్పనివ్వండి. కాలేజీ ఆట 40 నిమిషాలు. ఒక్కో జట్టుకు ఒకసారి అయిదుగురు, అంటే కోచ్ చేతిలో ఉండేవి 200 నిమిషాలు. పదిహేనుమందికీ సమానంగా పంచితే తలా పదమూడు నిమిషాల పైచిలుకు. కప్పు కావాలంటే అలా పంచలేరు. అంతా ఏడెనిమిది మందికే ఇస్తే రేపటి జట్టు తయారవదు. ఈ ఏడు గెలవాలా, వచ్చే ఏడుకు తయారుచేయాలా అన్న ఈ లాగులాట ప్రతి కోచ్‌కూ ఉంటుంది. స్టేలీ అయినా 2008-09లో తన మొదటి సీజన్‌లో 10 గెలిచి 18 ఓడారు. మొదటి కప్పు 2017లో గాని రాలేదు.

ఇప్పుడు ఈ ఓపికకు పరీక్ష వచ్చింది. 2021 నుంచి ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి వెళ్ళినా ఏడాది ఆగకుండా వెంటనే ఆడవచ్చు. పేరు మీద డబ్బు సంపాదించుకునే వీలూ అదే ఏడాది వచ్చింది. వెళ్ళడం తప్పని నేననను. కర్డోసో కూడా సిరక్యూజ్ నుంచి వచ్చినదే. పిల్లలను కట్టిపడేసిన పాత పద్ధతి కంటే ఇది న్యాయమే. కానీ ఆడించలేదని అలిగి ప్రతి ఏడూ జట్టు మారితే నేర్చుకునేదెప్పుడు? అలాగే కోచ్‌లు కూడా తయారైన ఆటగత్తెలను తెచ్చుకోవడమే పనిగా పెట్టుకోకుండా, ఉన్నవాళ్ళను ఎదిగించాలి. కొత్త సీజన్ మీద నా ఆశ అదే.

ఈ సంగతి తెలుగు బడి సావనీరులో ఎందుకంటే, మన ఇళ్ళలో కూడా ఈ తొందర ఉంది. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన తరం మనది. అమ్మాయి స్కూలు జట్టులో బెంచి మీద కూర్చుంటే, “ఆడించనప్పుడు ఎందుకమ్మా, ఆ టైములో ఎస్.ఎ.టి. చదువుకో” అంటాం. తొమ్మిదో గ్రేడు వచ్చేసరికి బూట్లు గరాజ్‌లోకి చేరతాయి. చదువు ముఖ్యమే, కాదనను. కానీ ఓడిన మర్నాడు మళ్ళీ ప్రాక్టీసుకు వెళ్ళడం ఏ కోచింగ్ సెంటరు నేర్పుతుంది? మన పి.వి. సింధు ప్రపంచ పోటీల్లో 2013, 2014లో కాంస్యం, 2017, 2018లో రజతం తెచ్చుకున్నాకే 2019లో స్వర్ణం అందుకుంది. మధ్యలో ఎవరైనా “ఇక చాలులే తల్లీ” అని ఉంటే?

తెలుగు బడిలోనూ అంతే. గుణింతాల దగ్గర ఆగిపోయిన పిల్లవాడిని పక్కింటి అమ్మాయితో పోల్చకండి. సెప్టెంబరులో వాడికి ఎన్ని అక్షరాలు వచ్చు, మేలో ఎన్ని వచ్చు అని చూడండి. అదే వాడి స్కోరు.

పిల్లలూ, మీకొక చిన్న పని. ఈ సీజన్‌లో మీకు నచ్చిన కాలేజీ జట్టులో బెంచి మీద కూర్చునే ఒక అమ్మాయిని ఎంచుకోండి. ప్రతి ఆటలో ఆమె ఎన్ని నిమిషాలు ఆడింది, కొత్తగా ఏం చేసింది అన్నది నోటుబుక్కులో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. మార్చి నెలాఖరుకు ఆమె ఎంత ఎదిగిందో మీకు తెలుస్తుంది. మీ తెలుగు ఎంత ఎదిగిందో మాకు తెలుస్తుంది.

అందరికీ కొత్త సీజన్ శుభాకాంక్షలు!