గంటకు 20 నిమిషాలు

అరకు కొండ దిగి డిగ్రీ కోసం విశాఖ చేరిన మన పిల్లల్లో కొందరు పాఠం వింటే ఇట్టే పట్టేస్తారు. పుస్తకం తెరిస్తే మాత్రం అక్షరాలు తారుమారవుతాయి. అది డిస్లెక్సియా కావచ్చు. మనమేమో "ఇంట్లో కువి మాట్లాడతారు, తెలుగే అంతంతమాత్రం, ఇంగ్లీషెలా వస్తుంది?" అని సరిపెట్టుకుంటాం. భాష కష్టం నిజమే. దాని చాటున రెండో కష్టం కనబడకుండా పోతోంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యమూ ఉంది. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, అవసరమైతే రాసిపెట్టే సహాయకుడు. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో 5 శాతం రిజర్వేషన్ కూడా వర్తిస్తుంది. పత్రం లేనివారికి ఇవేవీ అందవు.

ఇది అడ్డదారి అనేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. నోటిమాంద్యం గల మోషేకు అహరోను తోడైతే ఆ మాట ఎవరంటారు?

సండే స్కూల్లో వాక్యం చదవమంటే తడబడే బిడ్డను ముందుగా చూసేది మనమే. విన్న కథను చక్కగా చెప్పి, అదే కథను చదవలేకపోతే తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఆసుపత్రిలో ఆ బిడ్డను ఇంటి భాషలోనూ పరీక్షించమని కోరాలి, కువి తెలిసిన విశ్వాసి ఒకరు వెంట వెళ్లాలి. బస్సు ఛార్జీలు సంఘ కానుకల్లోంచి ఇవ్వవచ్చు.