ఏడు ఐబుల హిసాబు

మన ఇళ్లల్లో పిల్ల బీఎస్సీలో కెమిస్ట్రీ తీసుకుంటానంటే చాలు, ఫికర్ మొదలవుతుంది. "కంప్యూటర్ చదువు బేటీ, కెమిస్ట్రీతో ఏం నౌకరీ దొరుకుతుంది?" అని ఖాలా, ఫుప్పూ అందరూ మష్వరా ఇచ్చేవాళ్లే. ఆ కంప్యూటర్ చిప్పు తయారీలోనే ఒక పని కెమిస్ట్రీ దగ్గర ఆగి ఉందని వాళ్లకు ఎవరు చెప్పాలి?

చిప్పు మీద సన్నటి గీతలు పడాలి. నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్‌ఎంఎల్ చేసే ఈయూవీ మెషీన్ వెలుతురుతో గీస్తుంది. ఒక్కోదాని ఖీమత్ వెయ్యి కోట్ల రూపాయల పైమాటే. ఇంకో తరీఖా ఉంది. థర్మోకోల్‌లో ఉండే పాలిస్టైరీన్, దుకాణం బోర్డుల యాక్రిలిక్, ఈ రెండింటి గొలుసుల్ని కొసకు కొస కలిపి పల్చటి పొరగా పూస్తారు. రెండింటికీ పొసగదు, విడిపోదామంటే ముడి ఊడదు. ఒకే ఇంట్లో గోడలు కట్టుకున్న తోడికోడళ్లలా చారలు చారలుగా సర్దుకుంటాయి. ఒక్కో చార సుమారు 14 నానోమీటర్లు.

వాటి మానాన వదిలేస్తే వేలిముద్రలా మెలికలు తిరుగుతాయి. అడుగున కెమికల్ గుర్తులతో దారి చూపిస్తే తిన్నగా నిలబడతాయని 2003లోనే అమెరికాలో, విస్కాన్సిన్ యూనివర్సిటీలో పాల్ నీలీ టీం చూపించింది. ఇరవై ఏళ్లు దాటినా ఇది ఫ్యాక్టరీల్లో మామూలు పని కాలేదు. పెద్ద కారణం ఐబులు. సెంటీమీటరు వెడల్పులో సుమారు ఏడు లక్షల చారలుంటాయి. చదరపు సెంటీమీటరుకు 0.01 కన్నా ఎక్కువ తప్పులు ఉండకూడదని పరిశ్రమ పెట్టుకున్న లెక్క. అంటే 300 మిల్లీమీటర్ల పలక మొత్తానికి ఏడు! అఖబార్లు నానోమీటర్లు ఎన్ని తగ్గాయో రాస్తాయి, ఈ హిసాబు అడగవు.

నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. సైన్సు లెక్క ప్రకారం ఈ ఐబులు అసలు ఉండనే కూడదు. సర్దుకునేటప్పుడు మధ్యలో చిక్కుకుపోయినవే అవి. కాబట్టి నసీబ్ అని వదిలేయక్కర్లేదు. నైట్రోజన్‌లో 250 డిగ్రీల దగ్గర దమ్ పెడితే చాలావరకు విడిపోతాయి. దమ్ ఎక్కువైతే పాలిమర్ పాడవుతుంది. ఇంకా సన్నటి చారల కోసం మరింత పొసగని జంటను తెస్తే చిక్కులు విడిపోవడం ముష్కిల్ అవుతుంది. గుర్తుల వెడల్పు కాస్త తేడా వచ్చినా, ధూళి కణం పడినా మళ్లీ మొదటికే. కంప్యూటర్ లెక్కలు సాయపడతాయి, కాదనను. కానీ ఆ గొలుసు తయారు చేసేది, శుభ్రం చేసేది కెమిస్టే. బెల్జియంలో ఐమెక్ లాంటి చోట్ల ఏళ్ల తరబడి ఈ మెహనతే నడిచింది. ఈయూవీ గీతల గరుకు అంచుల్ని సాఫ్ చేయడానికీ ఇప్పుడు ఇదే పొరను వాడి చూస్తున్నారు.

బీఎస్సీ పట్టాతోనే అక్కడ కుర్సీ వేస్తారని నేననను. ఎమ్మెస్సీ కావాలి, పీహెచ్‌డీ కావాలి. ఏడెనిమిదేళ్ల సబర్ కావాలి. పిల్లకు ఆ సబర్ ఉంటుంది, నాకు షక్ లేదు. ఆ ఏడెనిమిదేళ్లూ షాదీ మాట ఎత్తకుండా అమ్మీ అబ్బా ఆగుతారా అన్నదే నా ఫికర్.