ఎవరి తలనొప్పిని నమ్ముతారు?

2025 జనవరి 31న పుణెలో ఇంగ్లండ్‌తో జరిగిన టీ20లో శివమ్ దూబే హెల్మెట్‌కు బంతి బలంగా తగిలింది. అతని బదులు కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా దిగిన హర్షిత్ రాణా మూడు వికెట్లు తీశాడు. ఆ తర్వాత నడిచిన గొడవంతా ఆల్‌రౌండర్ స్థానంలో ఫాస్ట్ బౌలర్‌ను ఎలా దింపుతారన్నదే. దూబే తల ఎలా ఉందని అడిగినవాళ్లు తక్కువ. అయినా అక్కడ ఒక ఏర్పాటు ఉంది. తలకు దెబ్బ తగిలినవాడు బయట కూర్చున్నా జట్టుకు మనిషి తగ్గడు. 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో ఇది నిబంధన.

మేము చదువుకున్న గురుకులంలో ఆట అంటే కబడ్డీ. ఒకసారి రైడర్‌ను పట్టబోయిన మా సహచరుడి కణతకు మోకాలు తగిలింది. ఐదు నిమిషాలు గట్టున కూర్చుని, ముఖాన నీళ్లు చల్లుకుని మళ్లీ దిగాడు. రక్తం రాలేదు కాబట్టి ఎవరూ దాన్ని దెబ్బ అనుకోలేదు. ఆ తర్వాత నెలన్నర పాటు స్టడీ అవర్లో ట్యూబ్‌లైట్ వెలుగు భరించలేక తల దించుకునే కూర్చున్నాడు. చదువు ఎగ్గొట్టడానికి నాటకాలన్నారు. నిజం చెప్పాలంటే మేమూ అలాగే అనుకున్నాం. జండూబామ్, పారాసిటమాల్ తప్ప ఇంకో దారి ఉంటుందని మాకూ తెలియదు.

తలకు తగిలిన అదురు వల్ల మెదడు పనితీరు దెబ్బతింటే దాన్ని కంకషన్ అంటారు. అందుకు స్పృహ తప్పాలనేమీ లేదు. వాంతులు ఆగకపోయినా, మగత పెరిగినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అప్పుడు స్కాన్ పట్టుకునేది రక్తస్రావాన్ని, విరిగిన ఎముకను. మామూలు కంకషన్‌లో స్కాన్ సాధారణంగా శుభ్రంగానే ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొందరికి మూడు నెలలు దాటినా తలనొప్పి, కళ్లు తిరగడం, వెలుతురు పడకపోవడం, చదివింది గుర్తుండకపోవడం వదలవు. నెలల తరబడి నొప్పి మాత్రలు మింగుతూ పోతే ఆ మాత్రల వల్లే ఇంకో తలనొప్పి మొదలవుతుంది. ఆ నొప్పిని కొలిచే యంత్రం లేదు. బాధపడేవాడు చెప్పే మాటే ప్రధాన ఆధారం. అంటే ముందు అతణ్ణి నమ్మాలి.

నమ్మకం జాతిని బట్టి మారితే ఏమవుతుందో అమెరికన్ ఫుట్‌బాల్‌లో చూశాం. ఏళ్ల తరబడి తలకు దెబ్బలు తిని మతిమరుపు పాలైన మాజీ ఆటగాళ్ల కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్ కోర్టు ద్వారా భారీ పరిహార ఒప్పందం చేసుకుంది. ఎవరికి ఎంత నష్టం జరిగిందో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలతో తేల్చేవారు. అయితే ఆ మార్కులను జాతుల వారీ సగటుతో పోల్చే పద్ధతి అందులో ఉంది. నల్లవాళ్లకు పెట్టిన సగటే తక్కువ. దాంతో ఒకే మార్కు వచ్చిన ఇద్దరిలో తెల్ల ఆటగాడి మెదడు దెబ్బతిన్నట్టు, నల్ల ఆటగాడిది ముందు నుంచీ అంతేనన్నట్టు లెక్క తేలేది. రిటైరైన ఆటగాళ్లలో ఎక్కువ మంది నల్లవాళ్లే. 2020 ఆగస్టులో కెవిన్ హెన్రీ, నజే డావెన్‌పోర్ట్ అనే ఇద్దరు మాజీ ఆటగాళ్లు కోర్టుకెక్కారు. ఆటగాళ్ల భార్యలు సంతకాలు సేకరించారు. 2021 జూన్‌లో లీగ్ ఆ పద్ధతిని ఆపేస్తానంది. 2022 మార్చిలో దాన్ని తొలగించే మార్పుకు కోర్టు ఆమోదం తెలిపింది.

నెలన్నర తలనొప్పికీ, జీవితాంతం వెంటాడే మతిమరుపుకూ పోలికేమిటని మా పరిశోధక మిత్రులు కొందరు అడిగారు. జబ్బులు వేరు, నిజమే. అనుమానం మాత్రం ఒకటే. మన దగ్గర అలాంటి పట్టిక కాగితం మీద లేదు. “కూలోళ్ల పిల్లలు, ఒళ్లు గట్టిది” అన్న మాటే ఆ పని చేస్తుంది. కష్టానికి పుట్టినవాళ్లకు నొప్పి తక్కువని ఎవరో ఎప్పుడో వేసుకున్న లెక్క అది. చివరికి మనవాళ్లే దాన్ని గొప్పగా చెప్పుకుంటారు.

అసలు ఆ కుర్రాడే నొప్పి దాస్తాడు. జిల్లా సెలక్షన్, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్, దాని వెనక ఒక పోలీసు ఉద్యోగం ఆశ. ఒక మ్యాచ్ కూర్చుంటే ఆ స్థానం ఇంకొకరికి పోతుంది. అందుకే అవగాహన పోస్టర్ల మీద మాకు నమ్మకం తక్కువ. కబడ్డీలో ఆటగాణ్ణి మార్చే వీలు ఉంది. మార్చాలా వద్దా అన్నది గెలుపు కావాల్సిన కోచ్ చేతిలో ఉంది. ఆ కోచ్ కూడా చాలాచోట్ల కాంట్రాక్టు ఉద్యోగే, ఫలితాలు చూపించకపోతే అతని కొలువూ కష్టమే.

క్రీడా వైద్య నిపుణులు అంతర్జాతీయంగా ఒప్పుకున్న నియమాలకు పెద్ద ఖర్చేమీ లేదు. కంకషన్ అని అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. మొదటి ఒకటి రెండు రోజులు చదువు, ఫోను తగ్గించి తేలికగా ఉండాలి. అలాగని చీకటి గదిలో మంచానికి అతుక్కుపోవడమూ మంచిది కాదు. తర్వాత నడక, పరుగు, సాధన, ఆట, ఇలా మెట్టు మెట్టుగా తిరిగి రావాలి. మా సహచరుడికి వీటిలో ఒక్కటీ జరగలేదు.

ఈ ఏడాది గురుకులాల క్రీడా మీట్లకు వెళ్లే విద్యార్థి సంఘాల మిత్రులు నిర్వాహకులను ముందే రాతపూర్వకంగా అడగాలి. తలకు దెబ్బ తగిలినవాణ్ణి ఆపే అధికారం కోచ్‌కు కాకుండా ఎవరికి ఇచ్చారు? ఆ మ్యాచ్ ఆడనందుకు సెలక్షన్‌లో అతని పేరు పోదని ఎక్కడ రాశారు? తిరిగి హాస్టల్‌కు వచ్చాక పరీక్షకు గడువు ఎవరిస్తారు?