బాబ్-ఎ-హుకూమత్‌లో మనం వెతకని మనిషి

నిజాం మంత్రివర్గంలో తెలుగువాడికి తగిన చోటు దక్కలేదని మంచిర్యాలలో చదువుకున్నవాళ్లం తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నాం. సభల్లో చెప్పాం, పత్రికల్లో రాశాం, పిల్లలకూ అదే నేర్పాం. మన బాధ నిజమే. కానీ ఆ బాధ చాటున మనం దాచిపెట్టింది ఇంకా పెద్దది.

1919లో ఏడో నిజాం ఫర్మానాతో ఏర్పడిన కార్యనిర్వాహక మండలినే బాబ్-ఎ-హుకూమత్ అన్నారు. దాని తొలి అధ్యక్షుడు సర్ అలీ ఇమాం బీహార్ నుంచి వచ్చిన న్యాయవాది. 1926 నుంచి 1937 దాకా సదర్-ఎ-ఆజం, అంటే ఆ మండలి అధ్యక్షుడి కుర్చీలో ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ ఖత్రీ, ఉర్దూ ఫారసీల్లో కవి. ఆర్థిక శాఖ చూసిన అక్బర్ హైదరీది బొంబాయి ప్రాంతం. 1926లో వైస్రాయ్ లార్డ్ రీడింగ్ నిజాంకు రాసిన ఘాటైన ఉత్తరం తర్వాత రెవెన్యూ శాఖ బ్రిటిష్ అధికారుల చేతికి పోయింది. ముందు ట్రెంచ్, ఆయన తర్వాత టాస్కర్. 1931లో లండన్‌లో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ నేషనల్ గవర్నమెంట్ పెట్టినప్పుడు మూడు పార్టీలు కూర్చుని కుర్చీలు పంచుకున్నాయి. హైదరాబాద్‌లో పంచుకోవడానికి పార్టీలే లేవు. బేరమంతా నిజాంకూ బ్రిటిష్ రెసిడెంటుకూ మధ్యనే నడిచింది.

ఇదంతా మనకు తెలుసు. ఫలానా ఆయన ముల్కీ (స్థానికుడు), ఫలానా ఆయన గైర్ ముల్కీ (బయటివాడు), ఇంతమంది హిందువులు, ఇంతమంది ముస్లింలు అని లెక్కలు కూడా వేశాం. కానీ ఆ మండలి ఏలుబడిలో కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలుపట్టాలు పడ్డప్పుడు, బెల్లంపల్లిలో బొగ్గుబాయిలు తెరిచినప్పుడు, అడవుల చుట్టూ రిజర్వు హద్దులు గీసినప్పుడు ఎవరి నేల మీద గీత పడిందో అడగలేదు. ఈ అడవుల ఆదివాసులైన గోండులు, కొలాములు ఆ మండలి గదిలో లేరని మనం ఏ సభలోనూ అనలేదు. మన పద్దులోకి వాళ్లు రాలేదు.

ఎందుకు రాలేదో ఒప్పుకుందాం. ఆ రైలెక్కి వచ్చినవాళ్లం మనమే. కరీంనగర్ నుంచి, వరంగల్ నుంచి, ఇంకా దూరం నుంచి బాయి పనికి వచ్చాం, దుకాణాలు పెట్టాం, భూములు సాగుచేశాం. తరాలుగా దున్నుతున్న గోండు రైతుకు పట్టా లేదు. కాగితం ఎట్లా పుట్టించుకోవాలో తెలిసినవాడికి అదే భూమి మీద పట్టా దొరికింది. 1940లో జోడేఘాట్‌లో గోండుల పోరాట నాయకుడు కుమ్రం భీము చనిపోయాక ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను ఈ అడవులకు పంపింది. ఆయన రాసిపెట్టింది ఈ సంగతే. ఆయన వేలు టాస్కర్ వైపు, హైదరీ వైపు మాత్రమే చూపలేదు. మైదానం నుంచి వచ్చిన రైతు వైపూ, వ్యాపారి వైపూ చూపింది.

మన చేతికి మంత్రివర్గం వచ్చాకైనా మారామా? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి హక్కు కోసం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకన్నా ఎంతో ఎక్కువమందని బతికినవాళ్ల మాట. అప్పటి ముఖ్యమంత్రి అంజయ్య హైదరాబాద్‌లో కార్మికుడిగా బతుకు మొదలుపెట్టినవాడు, తెలంగాణ బిడ్డ. ఆయన మంత్రివర్గం ఎంత పెద్దదంటే పత్రికలు దాన్ని జంబో అన్నాయి. అన్ని కులాలకూ, అన్ని జిల్లాలకూ వాటా ఇవ్వబోయిన మంత్రివర్గం అది. ఆ తుపాకులు పేలింది దాని పాలనలోనే. మన బొగ్గు పట్టణాలు ఆరోజు పనికి పోయాయి. సమ్మె చేయడం మనకు రాక కాదు. జీతాల కోసం, బోనస్ కోసం ఎన్ని బాయిలు బందు పెట్టలేదు! ఇంద్రవెల్లి కోసం ఊరంతా కదలాలని మనకు తోచలేదు.

2016 అక్టోబర్ 11న పాత ఆదిలాబాద్ జిల్లాను నాలుగు చేశారు. బొగ్గు, రైలు, సిమెంటు ఉన్న మంచిర్యాల మనకు జిల్లా అయింది. భీము పేరు ఆసిఫాబాద్ జిల్లాకు పెట్టారు. పటాకులు కాల్చాం. ఆ పంపకంలో ఎవరికి ఏం మిగిలిందని మన పట్టణంలో పెద్ద చర్చ జరిగింది లేదు.

బాబ్-ఎ-హుకూమత్ కాలపు కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. మన తాతలు ఆ భాషలోనే చదువుకున్నారు, అర్జీలు రాశారు. 1948 తర్వాత ఒక్క తరంలో ఆ లిపిని వదిలేశాం, దొరల లిపి పోయిందని సంతోషించాం. ఆ కాగితాల్లో మంత్రుల సంతకాలతోపాటు భూమి ఎవరి పేరున ఎక్కిందో కూడా రాసి ఉంటుంది. ఆ పేర్లలో కొన్ని మన ఇంటిపేర్లు. మంత్రుల పేర్లు కంఠస్థం చేసి, ఆ ఇంటిపేర్లు చదవకుండా ఉండిపోయాం.