ముందు గుర్రానికి దాణా

గుర్రపు స్వారీ క్లినిక్ అంటే వైద్యశాల కాదు. అనుభవం ఉన్న శిక్షకుడు ఒకటి రెండు రోజుల పాటు వచ్చి, రౌతులను నలుగురైదుగురి చొప్పున మైదానంలోకి పిలిచి, కూర్చునే తీరు, పగ్గాలు పట్టే చెయ్యి, కాలి ఒత్తిడి ఒక్కొక్కరికీ సరిదిద్దే శిబిరం. బ్రిటన్, అమెరికా లాంటి దేశాల్లో దీన్ని సేవానిధి సేకరణకు వాడుకుంటారు. రౌతులు ఫీజు కడతారు. గుర్రమెక్కని వాళ్లు కొద్దిపాటి రుసుము ఇచ్చి, కంచె పక్కన కూర్చుని పాఠం వింటారు. శిక్షకుడు పారితోషికం తగ్గించుకుంటాడు, ఒక్కోసారి పూర్తిగా వదులుకుంటాడు. ఖర్చులు పోగా మిగిలిన డబ్బు దివ్యాంగ పిల్లల స్వారీ కేంద్రానికో, యజమానులు వదిలేసిన గుర్రాలను సాకే ఆశ్రమానికో చేరుతుంది.

ఆలోచన మంచిది. హైదరాబాద్, బెంగళూరు లాంటి నగరాల్లో స్వారీ నేర్పే చోట్లు ఉన్నాయి కాబట్టి మన దగ్గరా సాధ్యమే. అయితే ఇలాంటి కార్యక్రమాల కరపత్రాల్లో శిక్షకుడి పేరు, ఫీజు, భోజనం, ఫొటోల ఏర్పాటు అన్నీ ఉంటాయి. ఎన్ని గుర్రాలు పనిచేస్తాయో, ఒక్కో గుర్రం ఎన్ని గంటలు పనిచేస్తుందో చాలావాటిలో ఉండదు. ఈ వారం ఈ శీర్షికకు కారణం ఆ లోపమే. ఇలాంటి నిధికి మొదటి దాత గుర్రం. దాని చందా దాని వీపు మీదే వసూలవుతుంది. ఆ దాతను లెక్కలోకి తీసుకోని శిబిరం ఎన్ని లక్షలు కూడబెట్టినా సేవ అనిపించుకోదు.

గుర్రం మనిషికి చేసిన మేలు గురించి చెప్పాలంటే లిస్ హార్టెల్ పేరు తలుచుకోవాలి. డెన్మార్క్‌కు చెందిన ఈమెకు 1944లో పోలియో సోకింది. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయలేదు. ఎవరైనా సాయం పడితే తప్ప గుర్రం ఎక్కలేని స్థితిలో 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో, గుర్రంతో క్రమబద్ధమైన కదలికలు చేయించే డ్రెస్సాజ్‌లో పురుషులతో పోటీపడి రజతం గెలిచింది. ఒలింపిక్ డ్రెస్సాజ్‌లో మహిళలకు ప్రవేశం దొరికిందే ఆ ఏడాది. స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు ఆమెను పట్టుకుని పతక వేదిక ఎక్కించాడు. దివ్యాంగులకు స్వారీ నేర్పే ఉద్యమానికి ఆమె విజయం ఊపిరి పోసింది. బ్రిటన్‌లో అందుకోసం జాతీయ సంఘం 1969లో ఏర్పడింది. గుర్రం నడిచేటప్పుడు దాని వీపు కదిలే తీరు మనిషి నడుము నడకలో కదిలే తీరుకు దగ్గరగా ఉంటుంది. నడవలేని పిల్లవాడి నడుముకు నడక అలవాటును రుచి చూపించగల జీవి అది. ఇలాంటి కేంద్రాలకు డబ్బు పోగుచేయడం కన్నా స్వారీ క్లినిక్‌కు తగిన లక్ష్యం లేదు.

గుర్రం కోసం నిధి పోగుచేసిన చరిత్ర కూడా తెలుసుకోదగిందే. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం అమ్మేసిన గుర్రాలు కైరో వీధుల్లో ఎముకల గూళ్లై బండ్లు లాగుతుండగా డొరొతీ బ్రూక్ అనే బ్రిటిష్ మహిళ చూసింది. 1931లో లండన్‌లోని మార్నింగ్ పోస్ట్ పత్రికకు ఉత్తరం రాసింది. చదివినవాళ్లు డబ్బు పంపారు. దాంతో వేలాది ముసలి గుర్రాలను కొని వాటి కష్టం తీర్చింది. 1934లో కైరోలో గుర్రాల ఆసుపత్రి పెట్టింది. ఆమె పేరున్న సంస్థ ఇవాళ భారతదేశంలోనూ పనిచేస్తోంది. పత్రికకు రాసిన ఒక్క ఉత్తరం ఇంత పని చేసింది.

ఇక ఏర్పాట్ల సంగతి. ముందు లెక్కపెట్టాల్సింది గుర్రాలను. విదేశీ క్లినిక్‌లలో రౌతులు ఎక్కువగా తమ గుర్రాలనే వాహనాల్లో ఎక్కించి తెచ్చుకుంటారు. ఒక రౌతుకు ఒక గుర్రం కాబట్టి భారం సమానంగా పంచుకున్నట్టు అవుతుంది. మన దగ్గర సొంత గుర్రం ఉన్నవాళ్లు తక్కువ. స్వారీ పాఠశాల గుర్రాలే అందరినీ మోయాలి. ఇరవై నాలుగు మంది ఫీజు కట్టి, శాలలో ఆరే గుర్రాలుంటే ఒక్కోటి నలుగురిని మోయాలి. కుదురుగా కూర్చోవడం తెలియని కొత్తవాళ్లు దాని నోటిని పగ్గాలతో గుంజుతూ, వీపు మీద ఎగిరి పడుతూ గంటల తరబడి నేర్చుకుంటారు. గుర్రం రోజుకు రెండు విడతలకు మించి పనిచేయకూడదు. రెండు విడతల మధ్య జీను విప్పి నీడలో నిలబెట్టాలి. ఈ లెక్కన ఇరవై నాలుగు మందికి పన్నెండు గుర్రాలు కావాలి. అన్ని లేకపోతే రౌతులను తగ్గించాలి.

తర్వాతది బరువు. మంచి మోతాదు తిండి తిని బలంగా ఉన్న గుర్రం జీనుతో కలిపి తన బరువులో అయిదో వంతు వరకు మోయగలదని రౌతుల ప్రపంచం ఒప్పుకున్న లెక్క. అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది గుర్రాల మీద జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో బరువు నాలుగో వంతుకు చేరేసరికి కండరాల నొప్పి ఛాయలు కనిపించాయి. నాలుగు వందల కిలోల గుర్రం మీద జీనుతో సహా ఎనభై కిలోలే హద్దు. జీనే ఏడెనిమిది కిలోలు ఉంటుంది కాబట్టి డెబ్బై రెండు కిలోలు దాటిన మనిషి ఆ గుర్రం ఎక్కకూడదు. నమోదు చేసుకునేటప్పుడే బరువు అడగాలి. మొహమాటపడితే గుర్రం నడుము బాధపడుతుంది.

ఆరోగ్యం మూడోది. పశువైద్యుడు రెండు రోజుల ముందే ప్రతి గుర్రాన్నీ నడిపించి కుంటుతోందేమో చూడాలి. డెక్కలు, లాడాలు, జీను కింద ఒరిపిడి పుండ్లు పరీక్షించాలి. గ్లాండర్స్ జబ్బు లేదని రక్త పరీక్ష పత్రం ఉండాలి. ఇది మనుషులకూ సోకుతుంది, ప్రాణం తీస్తుంది. రౌతులు, గుర్రాలను చూసుకునే సైసులు ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండాలి. గుర్రానికి రోజుకు పాతిక నుంచి నలభై అయిదు లీటర్ల నీళ్లు, దాని బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ల గడ్డి, దాణా కావాలి. స్వారీకి ముందూ, దిగిన వెంటనే దాణా పెట్టకూడదు. గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపునొప్పి వస్తే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఉలవలు ఎప్పుడు పెట్టాలో శిక్షకుడి కన్నా సైసుకు బాగా తెలుసు. శిబిరం వేళలు నిర్ణయించే సమావేశంలో సైసుకు కుర్చీ వేయాలి. అతని కూలి శిబిరం రోజుల్లో రెట్టింపు కావాలి.

నేల, ఎండ నాలుగోది. గట్టి నేల మీద కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి, లోతైన ఇసుకలో స్నాయువులు పట్టేస్తాయి. దుమ్ము లేవకుండా తడిపిన, ఒక మోస్తరు లోతున్న ఇసుక మైదానం కావాలి. తెలుగు నేల మీద ఈ శిబిరాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే కాలం. ఆ నెలల్లోనైనా పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగున్నర తర్వాత, అంతే. ఎండవేళ 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు పశువులతో బండి లాగించకూడదు, బరువు మోయించకూడదు అని 1965 నాటి కేంద్ర నియమాలే చెబుతున్నాయి. సేవ కోసం పెట్టిన శిబిరం బండివాడి కన్నా దయ తక్కువ చూపకూడదు.

అయిదోది మనుషుల భద్రత. ప్రతి రౌతుకూ సరిపోయే శిరస్త్రాణం ఉండాలి, గడ్డం పట్టీ బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న శిరస్త్రాణాన్ని మళ్లీ వాడకూడదు. కాలు రికాబులోంచి జారి ఇరుక్కోకుండా చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోవాలి. అంబులెన్సు మైదానం గేటు దగ్గరే నిలబడి ఉండాలి. సూపర్‌మ్యాన్‌గా పేరు తెచ్చుకున్న నటుడు క్రిస్టఫర్ రీవ్ 1995 మే 27న వర్జీనియాలో గుర్రం దూకడానికి మొరాయించడంతో ముందుకు పడ్డాడు. శిరస్త్రాణం ఉంది, అయినా మెడ విరిగింది. ఆ తర్వాత వెన్నుపాము పరిశోధన నిధి కోసమే బతుకును అంకితం చేశాడు. పూచీ పత్రం మీద సంతకం పెట్టించుకున్నంత మాత్రాన నిర్వాహకుల బాధ్యత తీరదు. ప్రమాద బీమా ఖర్చును మొదటి పద్దులోనే రాయాలి.

డబ్బు లెక్క ఆఖరిది. ఉదాహరణకు ఇరవై నాలుగు మంది రౌతులు తలా మూడు వేలు, అరవై మంది ప్రేక్షకులు తలా మూడు వందలు కడితే మొత్తం తొంభై వేలు వస్తుంది. అందులోంచి ముందుగా గుర్రాల దాణా, వైద్యం, విశ్రాంతి రోజుల భత్యం తీయాలి. గుర్రం శిబిరం తర్వాత ఒక రోజు ఖాళీగా ఉండాలి, ఆ రోజు ఆదాయం శాలకు చెల్లించాలి. ఆ తర్వాత సైసుల కూలి, శిక్షకుడి ప్రయాణం, బీమా, అంబులెన్సు, నీళ్లు, నీడ. వీటన్నిటికీ యాభై అయిదు వేలు అయితే మిగిలేది ముప్పై అయిదు వేలే. దాన్ని దాచకుండా ప్రకటించాలి. ఫీజు శిక్షణకు ప్రతిఫలం, విరాళం కాదు. కాబట్టి ఫీజు మొత్తానికి ఆదాయపు పన్ను మినహాయింపునిచ్చే 80జి రశీదు ఇస్తామనడం తప్పు. శిక్షణ విలువను మించి ఇచ్చినదే విరాళం. నగదు విరాళం రెండు వేలు దాటితే ఆ మినహాయింపు వర్తించదు. అమెరికాలోనైతే సేవకు మారుగా 75 డాలర్లు మించి తీసుకున్న సంస్థ అందులో విరాళమెంతో రాతపూర్వకంగా చెప్పి తీరాలి. అలాంటి కట్టుదిట్టం మన నిర్వాహకులు తమంతట తామే పెట్టుకోవచ్చు.

డబ్బు లెక్క చెప్పుకున్నాక చట్టం వేసే జరిమానా లెక్క చెప్పకుండా ఉండకూడదు. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లో వచ్చింది. గుర్రాన్ని కొట్టినా, పుండ్లతో పనిచేయించినా, ఆకలితో మాడ్చినా మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే పాతిక నుంచి వంద రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అరవై ఏళ్లు దాటినా అంకెలు అవే. చట్టాన్ని సవరించి శిక్షలు పెంచాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. కేంద్రం 2022లో సవరణ ముసాయిదాను జనం ముందు పెట్టింది, అది చట్టం కాలేదు. ముళ్ల కళ్లేలు వాడకూడదని 1965 నియమాల్లో ఉన్నా పెళ్లి ఊరేగింపుల్లో బాజాల మధ్య నోటి నుంచి రక్తం కారే గుర్రాలు కనిపిస్తూనే ఉన్నాయి. ముళ్ల కళ్లెం ఖరీదు కన్నా దాన్ని వాడిన నేరానికి జరిమానా తక్కువైతే ఆ నియమం ఎవరికి భయం? స్వారీ శిబిరానికి పెళ్లి గుర్రాలను అద్దెకు తెచ్చేవాళ్లు ముందుగా వాటి నోళ్లు తెరిచి చూడాలి.

గుర్రం రుణం తెలుగువాళ్లకు ఇంకొకటి ఉంది. పొలంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కాటేస్తే ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు గుర్రం నెత్తుటి నుంచి తయారవుతుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని నెత్తుటిలో పుట్టిన రక్షక పదార్థాన్ని తీసి శుద్ధి చేస్తారు. ఈ పద్ధతికి పునాది వేసిన జర్మన్ శాస్త్రవేత్త బెరింగ్‌కు 1901లో వైద్యంలో తొలి నోబెల్ దక్కింది. గుర్రాన్ని ఎన్నడూ చూడని రైతు కూడా దాని నెత్తుటితో బతికి ఇంటికి వస్తున్నాడు.

గుర్రం మీద చూపే దయ గాడిద దాకా ఎందుకు రాలేదు? 2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు 3.4 లక్షలకు తగ్గాయి, ఏడేళ్లలో నూటికి నలభై అయిదు పైగా పోయాయి. గాడిదలు 1.2 లక్షలే మిగిలాయి, నూటికి అరవై ఒకటి పోయాయి. చాకిరేవు మూటలు, ఇటుకలు, రాళ్లు మోసి ఎన్నో కుటుంబాలను పోషించిన జీవిని కోస్తా జిల్లాల్లో మాంసానికి కోస్తున్నారు. ఆహార భద్రత నియమాల్లో తినదగిన పశువుల జాబితాలో గాడిద లేనే లేదు. గాడిద మీద ఎక్కి ఫొటో దిగడానికి ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి దాని పేరిట శిబిరాలు ఉండవు. బ్రిటన్‌లో గాడిదల కోసమే పుట్టిన ఆశ్రమానికి 1969లో పునాది పడింది. గుర్రం పేరుతో నిధి పోగుచేసే ప్రతి శిబిరం అందులో పదో వంతు గాడిదల వైద్యానికి ఇవ్వడం న్యాయం.

స్వారీ క్లినిక్‌కు ఫీజు కట్టబోయే ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలు అడగాలి. ఎన్ని గుర్రాలు, ఒక్కోటి రోజుకు ఎన్ని విడతలు? పశువైద్యుడి పత్రం ఎక్కడ? మిగిలిన డబ్బు లెక్క ఎప్పుడు ప్రకటిస్తారు? మూడింటికీ జవాబు కాగితం మీద దొరికితేనే డబ్బు కట్టాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. ఆ దాణా ఖర్చు పద్దులో మొదటి వరసలో లేని సేవాశిబిరానికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.