రాసి ఇవ్వండి: పామూరు రైతుల ప్రణాళిక

పామూరు మండలంలో వాననీ బోరునీ నమ్ముకుని సేద్యం చేసే సన్నకారు రైతులం, కౌలు రైతులం, ఒంటరిగా పొలం చూసుకుంటున్న ఆడవాళ్లం నేటి నుంచి ఒక జట్టుగా నిలుస్తున్నాం. రైతు కోసం పెట్టిన ప్రతి పథకం హక్కున్న ప్రతి ఇంటికీ చేరాలి. చేరకపోతే ఎందుకు చేరలేదో కాగితం మీద రాసి ఇవ్వాలి. మేం అడిగేది ఇదే.

పథకాలకు కొదవ లేదు. 2019లో మొదలైన పీఎం కిసాన్ ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తుంది. 2025 ఆగస్టు 2న దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి ప్రారంభించిన అన్నదాత సుఖీభవ, దానికి 14,000 కలిపి 20,000 చేసింది. పంటల బీమా ఉంది, డ్రిప్పుకు రాయితీ ఉంది, ఉపాధి హామీలో పండ్లతోటలున్నాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో గడప ఎక్కాలి. భూమి రికార్డులుండే వెబ్‌ల్యాండ్‌లో తప్పు పడితే తహసీల్దారు ఆఫీసు, ఖాతాకు ఆధార్ కలవకపోతే బ్యాంకు, వేలిముద్రకు రైతు సేవా కేంద్రం. దారి తెలిసినవాళ్ల పని అవుతుంది. తెలియని ముసలమ్మ "నాకు పడలా" అనుకుని ఊరుకుంటుంది. తండ్రి పోయినా పాసుపుస్తకంలో పేరు మారని ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

కౌలు రైతు గోడు ఇంకా పెద్దది. పీఎం కిసాన్ భూమి తమ పేరున ఉన్నవాళ్లకే. కౌలు రైతుల కోసం 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దీని కింద కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తారు, అయితే భూయజమాని సంతకం పెట్టాలి. పొలం చేజారుతుందేమోనని ఆయన భయం. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. ఆ మాట యజమానుల ఇళ్లకే వెళ్లి చదివి వినిపిస్తాం. సంతకంతో పని లేకుండా, దున్నేవాణ్ని దున్నేవాడిగా గుర్తించమని ప్రభుత్వాన్ని అడుగుతూనే ఉంటాం.

అర్హుల జాబితా, ఆపేసినవాళ్ల జాబితా, ఆపిన కారణం మూడూ ఊరి సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు కావాలి. నోటిమాటగా "రాదు పో" అంటే ఒప్పుకోం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీదారుతో కలిసి మేమూ వెళ్తాం. అక్కడా జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడతాం. 30 రోజుల్లో జవాబివ్వడం అధికారుల విధి. ఈ సాయానికి ఎవరి దగ్గరా పైసా తీసుకోం, ఏ పార్టీ జెండా కిందా నిలబడం.

మొదటి పని ఈ-పంట, అంటే ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వ లెక్కలో ఎక్కించడం. బీమాకూ, నష్టపరిహారానికీ, పంట అమ్ముకోవడానికీ అదే ఆధారం. విత్తనం పడగానే కౌలు చేలూ, ఎస్సీ, ఎస్టీ కాలనీల చేలూ ముందుగా, సాగుదారు పేరు మీదే నమోదు చేయిస్తాం. అందుకు ఊరికి ఇద్దరు చదువుకున్న పిల్లలు కావాలి, వాళ్లలో ఒక ఆడపిల్ల తప్పనిసరి.